బల్ల మీదివి, నేల మీదివి

ఏ భవనానికి ప్లాను గీసినా ఆమె మొదట గీసేది చీపుర్ల గది. ఊడ్చేవాళ్లు బకెట్లు పెట్టుకుని, బట్టలు మార్చుకుని, పది నిమిషాలు నడుం వాల్చే గది. దానికి కిటికీ పెట్టాక గానీ మిగతా గదుల జోలికి వెళ్లదు. "ముందు ముఖద్వారం సంగతి చూడు తల్లీ" అని ఆఫీసులో తోటివాళ్లు ఆటపట్టిస్తారు. ఆమె నవ్వుతుంది. ఆ నవ్వు మూడు గదుల అవతలికి వినిపిస్తుంది. కాలేజీలో చేరిన కొత్తలో ఈమె నవ్వితే పక్కనున్న మనిషికి కూడా వినపడేది కాదంటే అక్కడెవరూ నమ్మరు.

అప్పట్లో ఆమెని అందరూ పిల్లి అనేవాళ్లు. అడుగు చప్పుడు లేదు, తలుపు చప్పుడు లేదు, కుర్చీ జరిపినా చప్పుడు లేదు. నవ్వొస్తే భుజాలు మాత్రం కదిలేవి. అది పుట్టుకతో వచ్చింది కాదు, నేర్పిన విద్య. తల్లి ఊడ్చే పని చేసేది. ఇంట్లో చూసుకునే దిక్కు లేక ఆరేళ్ల పిల్లని వెంటబెట్టుకుని, ఉద్యోగులు రాకముందే ఆఫీసులకి వెళ్లేది. "మనం వచ్చినట్టు తెలియకూడదు, వెళ్లినట్టూ తెలియకూడదు. నేల మెరిసిందా, అంతే" అని చెప్పేది. ఇంకో మాట కూడా చెప్పేది. "బల్ల మీద ఉన్నది వాళ్లది. చిత్తుకాగితమైనా ముట్టుకోకు. నేల మీద బుట్ట పక్కన ఉన్నది చెత్త. తాడు కట్టి పెట్టారంటే ఇంక చూడక్కర్లేదు, పట్టుకెళ్లమనే." పదేళ్లు విన్న మాట ఎముకల్లోకి దిగిపోతుంది.

భవనాలు కట్టే చదువులో పిల్లికి సీటొచ్చింది. ఆఫీసుల పని అయ్యాక, ఆ కాలేజీలోనే తల్లి పదకొండేళ్లుగా నేలలు తుడుస్తోంది. సీటొచ్చిన రోజున ఆవిడ సంతోషంతో ఏడ్చి, కళ్లు తుడుచుకుని, వెంటనే ఒక షరతు పెట్టింది.

"కాలేజీలో నేను నీకు ఎవర్నీ కాను. ఎదురొస్తే తల తిప్పుకుని పో. నన్ను అమ్మా అన్నావో, చీపురు తిరగేస్తా."

"ఎందుకమ్మా?"

"ఎందుకా? ఆ మేష్టార్లు ఎవర్ని ఎలా చూస్తారో నాకు తెలుసు. నీకు తెలీదు."

ఆవిడది ఉత్త భయం కాదు. వెలుతురు గురించి, గాలి గురించి, కిటికీల గురించి ఐదేళ్లు పాఠాలు చెప్పే ఆ కాలేజీలో ఊడ్చేవాళ్లకి ఇచ్చిన గది మెట్ల కింద నేలమాళిగలో ఉంది. దానికి కిటికీ లేదు. ఆ లోటు ఏ మేష్టారి కంటా పడలేదు. గదే కనపడనివాళ్లకి అందులో మనుషులు కనపడతారా?

హాస్టల్లో పిల్లి గదిలో పడ్డ అమ్మాయి వేరే దేశం నుంచి వచ్చింది. సరుకుల పడవలో పుట్టి పెరిగింది. తండ్రి పడవ నడుపుతాడు, తల్లి ఇంజను చూసుకుంటుంది, ఇల్లూ వాకిలీ అంతా ఆ పడవే. అందుకని ఆమెకి పడవ అనే పేరు స్థిరపడింది. ఇక్కడి భాష ఏదో పుస్తకం చూసి నేర్చుకుంది. ఆ పుస్తకం రాసిన మహానుభావుడు మర్యాద ఒక్కటే నేర్పినట్టున్నాడు. మనిషినీ, కుర్చీనీ, కుళాయినీ ఒకే తీరుగా "గారూ" అనేది. "లిఫ్టు గారు ఇవాళ కూడా రారా అండీ?" అని వార్డెన్‌ని అడిగి, ఆవిడ తిట్టబోయి నవ్వేసేలా చేసింది.

వచ్చిన రోజే పడవ గదిలో ఉన్న ప్రతి వస్తువునీ తాడుతో కట్టెయ్యడం మొదలుపెట్టింది. కుర్చీని బల్ల కాలికి, గ్లాసుని కిటికీ ఊచకి, అద్దాన్ని మంచానికి.

"ఎందుకు కడుతున్నావ్?" అంది పిల్లి.

"మరి జారిపోవా అండీ?"

"ఎక్కడికి జారతాయి? ఇది గది. కదలదు."

పడవ నాలుగు మూలలూ అనుమానంగా చూసింది. "కదలదని మీకెవరు చెప్పారండీ?"

పిల్లి భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. చలికి వణుకుతోందనుకుని పడవ గబగబా దుప్పటి తెచ్చి కప్పింది. అది నవ్వని చెబితే నమ్మలేదు.

"నవ్వా? నాకు వినపడలేదే! మా పడవలో ఇంజను చప్పుడు మీద నవ్వాలండీ. వినపడకపోతే నవ్వినట్టు కాదు. ఇలా" అని నవ్వి చూపించింది. వార్డెన్ పరుగెత్తుకొచ్చింది.

అలా ఐదు నెలలు గడిచాయి. ఇద్దరూ ఒకే దీపం కింద గీతలు గీసుకున్నారు, ఒకరి సబ్బు ఒకరు వాడుకున్నారు. పిల్లికి జీవితంలో మొదటిసారి, తనని చూడగానే మొహం వికసించే మనిషి ఇంటి బయట ఒకరు దొరికారు.

పడవ వసారాలో ఎదురైన ప్రతివాళ్లనీ పలకరించేది. నేల తుడిచే ఆవిడనైతే రోజూ. "బాగున్నారా అండీ? బకెట్ గారు బాగున్నారా?" ఒకరోజు ఆవిడ తుడిచే కర్ర విరిగితే, విరిగినచోట తాడు చుట్టి ముడేసి ఇచ్చింది. గదికొచ్చి ఆ కబురే చెప్పింది.

"ఆవిడ చాలా మంచివారండీ. మీలాగే చప్పుడు లేకుండా నవ్వుతారు. అచ్చం మీలాగే భుజాలు!"

పిల్లి పుస్తకంలోకి తల దూర్చేసింది. ఆవిడ మా అమ్మే అనే మాట నాలిక చివరిదాకా వచ్చింది. చీపురు గుర్తొచ్చి మింగేసింది.

ఏడాది చివర ఒక్కొక్కరూ ఒక భవనం సొంతంగా గీసివ్వాలి. పడవ పన్నెండు పెద్ద కాగితాల మీద, పడవలవాళ్ల పిల్లలకి నది ఒడ్డున ఒక బడి గీసింది. నలభై రోజుల పని గడువుకి ముందు రాత్రి ముగిసింది. మర్నాడు పన్నెండింటిలోగా ఇవ్వకపోతే ఆ ఏడు పోయినట్టే. ఏడు పోతే ఆమెకి ఈ దేశంలో ఉండే అనుమతి కూడా పోతుంది. చివరి గీత అయ్యాక కాగితాలన్నీ చుట్టగా చుట్టి, తాడుతో బిగించి, నేల మీద గోడకీ చెత్తబుట్టకీ మధ్య ఇరికించి నిశ్చింతగా పడుకుంది. పడవలో పెరిగినవాళ్లు విలువైనదాన్ని బల్ల మీద పెట్టరు. బల్ల మీదది ఎప్పటికైనా పడేదే. కట్టి, నేలకి ఆనించి, ఇరికిస్తేనే భద్రం.

పిల్లికి తెల్లారగానే లేవడం అలవాటు. అది కాగితాల చెత్త బండి వచ్చే రోజు. బుట్ట ఎత్తింది. పక్కన తాడు కట్టిన చుట్ట కనిపించింది. చేతులు దాన్నీ ఎత్తాయి. బుర్రని అడగలేదు.

పడవ లేచేసరికి ఎనిమిదిన్నర. మూల వంక చూసింది.

"చుట్ట గారు ఏరండీ?"

"ఏ చుట్ట?"

"నా బడి అండీ. ఇక్కడే కట్టి పెట్టాను."

పిల్లి చూపు ఖాళీ బుట్ట మీదికి పోయింది. "నేల మీద ఎందుకు పెట్టావ్?"

"అంత విలువైనది నేల మీద కాక ఎక్కడ పెడతారండీ?"

"తాడు కట్టి ఉంటే... చెత్త అనుకున్నా. బండిలో వేసేశా."

పడవ మంచం మీద కూలబడింది. తిట్టలేదు. ఆ పుస్తకంలో తిట్లు లేవు. "ఇంక నేను వెళ్లిపోవాలి కదండీ" అంది మెల్లిగా. తిట్టినా పిల్లికి అంత బాధ ఉండేది కాదు.

చెత్త ఏ దారిన పోతుందో ఆ కాలేజీలో పిల్లికి తెలిసినంతగా ఏ విద్యార్థికీ తెలియదు. కాగితాలన్నీ పెద్ద భవనం నేలమాళిగలో ఊడ్చేవాళ్ల గదికే చేరతాయి. అక్కడ ఒక మిషను వాటిని నొక్కి దిమ్మలు చేస్తుంది. తొమ్మిదింటికి మొదలుపెడతారు. పొద్దున పూట ఆ మిషను దగ్గర ఎవరుంటారో కూడా ఆమెకి తెలుసు.

ఇద్దరూ పరుగెత్తారు. వెళ్లేసరికి మిషను చప్పుడు మెట్లమీదికే వినిపిస్తోంది. అది తిరుగుతున్నంతసేపూ ఇనప తలుపు లోపల గడియ పెట్టి ఉంచాలని నియమం. పడవ రెండు చేతులా బాదింది. చప్పుడులో చప్పుడు కలిసిపోయింది. పైన వసారాలో కాగితాలు ఇవ్వడానికి క్లాసంతా వరసలో నిలబడి ఉంది.

"ఏం పిల్లీ, లోపల ఎలకలున్నాయా?" అన్నాడొకడు. అందరూ నవ్వారు.

మేష్టారు మెట్ల దగ్గరికొచ్చి తొంగి చూశారు. "అక్కడేం పని మీకు? లోపల పనివాళ్లెవరో ఉంటారు. సాయంత్రం వచ్చి కనుక్కోండి."

పనివాళ్లెవరో. పిల్లి తలుపు వంక చూసింది. పడవ మొహం వంక చూసింది.

"అమ్మా!"

పదేళ్లు అణిచిపెట్టిన గొంతు, సన్నగా వచ్చింది. మిషను దాన్ని మింగేసింది.

"ఇంజను మీద పిలవాలండీ!" అంది పడవ.

"అమ్మా! నేనే! మిషను ఆపు! అమ్మా!"

వసారాలో నవ్వులు ఆగిపోయాయి. కాసేపటికి మిషనూ ఆగింది. గడియ తీసిన చప్పుడు. తల్లి గుమ్మంలో నిలబడి కూతుర్ని చూసింది, మేష్టార్ని చూసింది, పైనున్న వరసని చూసింది.

"ఎవర్నే అమ్మా అంటున్నావ్?" అంది పళ్లబిగువున.

"నిన్నే."

"చీపురు తిరగేస్తానన్నానా లేదా?"

"తర్వాత తిరగేద్దువు గానీ. తాడు కట్టిన కాగితాల చుట్ట వచ్చిందా? నొక్కేశావా?"

తల్లి చూపు పడవ మీదికి మళ్లింది. "ఓహో, నీదేనా అది! పొద్దున్నించీ నా ప్రాణం తీసింది కదమ్మా!"

తాడుతో సహా వేస్తే మిషను చక్రాలకి చుట్టుకుంటుంది. అందుకని ప్రతి కట్టా విప్పి వెయ్యాలి. "గోళ్లు విరిగాయి గానీ ముడి రాలేదు. పళ్లతో కూడా లాగా. కత్తిరిద్దామంటే తాడు చూస్తే బంగారంలా ఉంది, మనసొప్పలేదు. ఇలాంటి మొండి ముడి వేసేది ఈ కాలేజీలో ఒక్కర్తే. కనపడితే దానిచేతే విప్పిద్దామని అదిగో, అక్కడ పడేశా."

చుట్ట గారు బకెట్ వెనక క్షేమంగా ఉన్నారు.

పడవ దాన్ని గుండెలకి హత్తుకుంది. తల్లినీ కూతురినీ మార్చి మార్చి చూసింది. "అందుకేనా! అందుకేనా అండీ ఆ భుజాలు!"

తల్లి భుజాలు కదిలాయి. పిల్లి భుజాలూ కదిలాయి. అంతటితో ఆగలేదు. ముందు ఎక్కిళ్లలా ఏదో వచ్చింది, ఆ వెనక పెద్ద నవ్వు, నేలమాళిగ దద్దరిల్లేలా. పిల్లి అక్కడే నేల మీద చతికిలబడి కళ్లనీళ్లు కారేలా నవ్వింది. "నోర్ముయ్యవే, మేష్టారున్నారు" అని కసిరిన తల్లికీ చప్పుడు తన్నుకొచ్చింది.

మేష్టారు ఇబ్బందిగా గొంతు సవరించుకున్నారు. "మీ అమ్మాయా?"

ఆవిడ చేతులు కొంగుకి తుడుచుకుంది. "మా అమ్మాయేనండీ."

ఏదో ఒకటి అనాలని ఆయన గదిలోకి చూశారు. "ఇక్కడ కిటికీ లేదేంటి?"

"నేనే మిమ్మల్ని అడుగుదామనుకుంటున్నానండీ. కిటికీల పాఠం మీదే కదా!" అంది తల్లి.

వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. మేష్టారు మారిపోయారని నేను రాయను. ఆ గదికి ఇవాళ్టికీ కిటికీ లేదు. పన్నెండు కాగితాలు మాత్రం వేళకి అందాయి. తాడు మీద పంటిగాట్లు ఉన్నాయి.

మర్నాడు పిల్లీ పడవా వసారాలోంచి వస్తున్నారు. తల్లి నేల తుడుస్తోంది. చుట్టూ యాభైమంది పిల్లలు. పిల్లి అలవాటుగా తల తిప్పుకోబోయింది.

"ఏమే, కళ్లు నెత్తికెక్కాయా? తడినేల కనపడట్లేదా? పక్కనుంచి తగలడు!" అని తల్లి కేకేసింది, వసారా ఆ చివర నుంచి ఈ చివరిదాకా వినపడేలా.

"తగలడుతున్నా లేమ్మా!" అని పిల్లి అంతకంటే గట్టిగా అరిచింది.

పడవ కదల్లేదు. తడినేల అంచున నిలబడి చూస్తోంది.

"నీకేమైందమ్మా?"

"నన్ను కూడా తిట్టండి అమ్మగారూ. మా పుస్తకంలో లేవు."

ఆవిడ కర్ర మీద గడ్డం ఆనించి కాసేపు ఆలోచించింది.

"నువ్వూ తగలడు" అంది.