చిటికి ఎవరిదంటే

గట్టుప్పల్‌లో లక్ష్మీనర్సమ్మ నోటికి ఎదురు లేదు. నూలు షావుకారుకే చెమటలు పట్టించిన మనిషి. అటువంటిది, ఆ నోరు అక్కరకు రావలసిన ఒక్కచోట రాలేదు.

చీర మీద చిలుక రావాలన్నా, ఏనుగు రావాలన్నా నేయకముందే నూలుకు రబ్బరు పట్టీలతో ముళ్లు బిగించి రంగులో ముంచాలి. ముడి పడ్డచోట రంగు ఎక్కదు. దాన్నే చిటికి కట్టడమంటారు. ఆ ఇంట్లో చిటికి ఆమెది, మగ్గం భర్త సిద్దయ్యది. చీర బజారుకు పోతే మాత్రం అది సిద్దయ్య చీరే. ఊరంతా అంతే కనుక ఆమెకూ తప్పనిపించలేదు. కోడళ్లిద్దరూ చౌటుప్పల్ కంపెనీల్లో పనికి పోతారు. చిటికి నేర్చుకొమ్మంటే వేళ్లు నొస్తాయట! వేళ్లు నొవ్వకుండా వచ్చే విద్య ఏముందో వాళ్లే చెప్పాలి. ఈ పని తనతోనే మట్టిలో కలుస్తుందని ఆమె దిగులు.

అప్పుడు, ఊరికి వచ్చి ఆమె పని చూసిపోయిన విదేశీ బట్టల కంపెనీ ఒకటి, తమవాళ్లకు చిటికి నేర్పను ఏడాదిపాటు రమ్మని ఆమెను పిలిచింది. కంపెనీలు పిలిపించుకునే మనుషులకు వీసాలు చూసే వకీళ్ల ఆఫీసు ఒకటి హైదరాబాదులో ఉంది. ఆ పని వాళ్లకు అప్పజెప్పారు. అందులో పడుచు వకీలు స్నేహలత ఆమెను కూర్చోబెట్టి నూరిపోసింది.

"వీసా ఆఫీసుల ఈ పని ఎవరిదని అడుగుతరమ్మా. నాదే అనాలె మీరు. గంతే."

"నోరులేనిదానికి చెప్పినట్టు చెప్తున్నవ్ బిడ్డా! మా ఊర్లె అడుగు, నా నోరెట్లుంటదో."

వీసా ఆఫీసులో అద్దం వెనక కూర్చున్న అధికారి ఆమె తెచ్చిన చీర చూసి, తెలుగు వచ్చిన మనిషితో అదే అడిగించాడు. లక్ష్మీనర్సమ్మ నోరు తెరిచింది. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకొని వంగిన సిద్దయ్య కళ్లలో మెదిలాడు. మనిషి లేనిచోట ఆయన నేసిన చీరను తనదనడం దొంగతనంలా తోచింది.

"మా ఇంటాయినది. నేను ఎన్క ఉండి కడ్త."

వీసా రాలేదు.

స్నేహలత తల పట్టుకుంది. "ఎంత చెప్పిన అమ్మా! గట్లెందుకన్నరు?"

"మళ్ల అర్జీ ఏస్తే రాదా బిడ్డా?"

"ఏస్తం. కానీ మీరన్న మాట ఆళ్ల దగ్గర ఉంటది. కంపెనీ గూడ ఆగేటట్టు లేదు."

ఆగలేదు కూడా. ఇంకెవరినో చూసుకున్నారు.

ఇంటికి వచ్చి చెబితే సిద్దయ్య మగ్గం మీద అటూ ఇటూ ఉరికే నాడెను ఆపాడు.

"నాదే అనకపోతివానే. నీదే గద! నేను కాదంటనా?"

"నువ్వు పక్కకుంటే అందును. లేవు గనకనే అనలే."

సిద్దయ్య మళ్లీ నాడె విసిరాడు. ఆమె నూలు ముందు కూర్చొని రబ్బరు పట్టీ కొసను పళ్లతో పట్టుకొని ముడి బిగించింది. పెద్దకోడలు అన్నం డబ్బా చేతబట్టుకొని, కంపెనీ బస్సు వచ్చిందంటూ ఆ పక్కనుంచే ఉరికింది.