టమాట తెలియని జయచంద్ర సార్

జయచంద్ర సార్‌కి ఏమీ తెలియదు. కుప్పం యూనివర్సిటీలో కంప్యూటర్‌కి తెలివి నేర్పే ప్రొఫెసరాయన. "కంప్యూటర్‌కి ఏమీ తెలీదు గదా! దాని కష్టం తెలియాలంటే మనమూ ఏమీ తెలీనట్టే ఉండల్ల" అనేది ఆయన సిద్ధాంతం. క్లాసు వరకూ బాగానే ఉంది. ఇంటికెళ్ళినా అదే వరస.

ఓసారి భార్య సుబ్బలక్ష్మమ్మ, "పాలు పొంగుతాయేమో సూస్తా ఉండండి" అని వీధిలోకి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి పాలన్నీ పొంగి స్టవ్ మీద పారుతున్నాయి, సార్ పక్కనే నిలబడి చూస్తున్నాడు.

"యాల ఆర్పలేదు?"

"సూడమంటివి, సూస్తి. ఆర్పమని చెప్పలేదు గదా."

ఆ పూట ఇంట్లో ఎవరికీ కాఫీ లేదు.

పుంగనూరు పిల్ల రేఖ ఆయన దగ్గర పరిశోధన చేసేది. మదనపల్లె మార్కెట్లో టమాటాలను ఫొటో చూసి ఏరే ప్రోగ్రామ్ ఆమెది. అసలే నలుగురిలో నోరు విప్పని పిల్ల. "తొడిమంటే ఏందమ్మా? పండంటే ఏంది?" అని సార్ రోజూ ప్రాణం తోడేసేవాడు. సార్ ముందు మాత్రం ఆమెకు నోరు బాగానే లేచేది.

2004లో సెమినార్ పెట్టారు. పరీక్షించడానికి బయటినుంచి ఓ పెద్దాయన వచ్చాడు. ఆయన సరేనంటేనే రేఖ పరిశోధన సాగుతుంది, లేదంటే మూటాముల్లె సర్దుకోవాల్సిందే.

"ఎర్రగా నిగనిగలాడే కాయను నీ ప్రోగ్రామ్ పనికిరాదంటోంది. ఇదేం తెలివమ్మా?" అన్నాడాయన.

రేఖ తెర మీద ఫొటోలు మారుస్తూ పోయింది. జవాబు తెలుసు, అంతమందిలో చెప్పడమే చేతకాలేదు. పెద్దాయన కాగితాలు సర్దుకోసాగాడు.

వెనక బెంచీలోంచి జయచంద్ర సార్ లేచాడు. "నాదీ అదే మాట. ఎర్రకాయ మంచిదే గదమ్మా?"

రేఖకు అరికాలి మంట నెత్తికెక్కింది. "సార్! మీకెన్ని తూర్లు చెప్పల్ల! ముందు లారీ యాడికి పోతాదో సూడల్ల గదా! ఢిల్లీకి పొయ్యే కాయ సగం పచ్చ, సగం ఎరుపు, దోరగా ఉండల్ల. ఎర్రది ఎక్కిస్తే దోవలోనే రసమైపోతాది. ఈడే పులుసులో ఏసుకునేదానికైతే ఎర్రదే మంచిది. అందుకే నా ప్రోగ్రామ్ ముందు ఊరు అడుగుతాది, ఆ తర్వాతే కాయను సూస్తాది!"

"ఊరంటే?"

"సార్!"

ఇక రేఖ ఆగితే ఒట్టు. సార్‌ని కసురుకుంటూనే మొత్తం పరిశోధనంతా చెప్పేసింది. పెద్దాయన మురిసిపోయి సంతకం పెట్టేశాడు. ఇన్నాళ్ళూ ఈ మనిషి తనను ఎందుకు సతాయించాడో అప్పుడర్థమై, రేఖకు నవ్వూ అభిమానమూ ఒక్కసారే పొంగుకొచ్చాయి.

బయటికొస్తూ పెద్దాయన ఆమెతో, "పని బాగుందమ్మాయ్. కానీ పాపం, మీ సార్‌కి టమాట కూడా తెలియదే!" అన్నాడు.

సార్ ఆ మాట విని అమాయకంగా తలాడించాడు. కలకడలో వాళ్ళ నాయన అంజినప్ప టమాట తోటలో కాయలు కోస్తూ పెరిగిన మనిషాయన! రేఖ ఫొటోలు తీసుకున్నదీ ఆ తోటలోనే. ఆ సంగతి చెప్పబోతే సార్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"చెప్పొద్దమ్మా. ఆయప్ప రైలెక్కేదాంక నాకేం తెలీదు."