నీళ్లు కారుతున్న చొక్కా

తొంభైల నాటి మాట. ఊళ్లో అందరూ దుబాయి పోయాడనేవారు గానీ, నేను పనిచేసింది బహ్రెయిన్‌లో, సిత్రా అనేచోట కూలీల క్యాంపులో. ఎండలో పైపులు మోసే నాకూ, పక్క మంచం గంగన్నకూ ఒకేసారి ఆఫీసు నుంచి కబురొచ్చింది. స్టోర్‌లో నీడపట్టున ఉండే ఉద్యోగం ఒక్కటే ఉందట, మర్నాడు ఇద్దరినీ చూసి ఒకరికిస్తారట.

నాకున్న ఒక్క తెల్లచొక్కా మాసిపోయి ఉంది. గంగన్న మా పక్క ఊరివాడే. క్యాంపుకు కొత్తగా వచ్చిన వాషింగ్ మిషన్ చూపించి, "ఇటియ్యి తమ్మీ, నా అంగితోని కలిపి ఏస్త. కరెంటు తక్కువ, నీళ్లు తక్కువ, పాల లెక్క తెల్లగ అయితది" అన్నాడు. ఇచ్చి డ్యూటీకి పోయాను.

తిరిగొచ్చేసరికి నా చొక్కా మసిగుడ్డలా ఉంది.

"ఏందన్నా ఇది?"

"నేనేం జేద్దు తమ్మీ? మిషన్ నిండితేనే నడపాల్నట, లేకుంటే కరెంటు దండుగట. అందుకే ఆయిల్ వట్టిన డ్యూటీ బట్టలు గలిపిన. ఉత్త మోసపు మిషన్ గిది!"

మిషన్‌ని తిట్టుకుంటూ చొక్కా ఆరేయడానికి వెళ్లాను. తాడు మీద అతని చొక్కా తెల్లగా మెరుస్తోంది. దాని అంచుల నుంచి టపటపా నీళ్లు కారుతున్నాయి. మిషన్ పిండిన బట్టలోంచి చుక్క నీరు కారదు. అది బకెట్లో, చేత్తో ఉతుక్కున్న చొక్కా.

మర్నాడు ఆఫీసు గుమ్మంలోనే నన్ను ఎగాదిగా చూసి వెనక్కి పంపేశారు. ఉద్యోగం గంగన్నకే వచ్చింది.

ఇప్పుడు మా ఇంట్లోనూ మిషనుంది, బట్టలు శుభ్రంగానే ఉతుకుతుంది. పరాయివాణ్ని "అన్నా" అని పిలవడానికే నాకు మళ్లీ నోరు రాలేదు.