ఏడో అంకె దగ్గర ఊపిరి

నా చిన్నప్పుడు అనకాపల్లిలో మా హైస్కూలు క్వయర్‌లో, అంటే అందరూ కలిసి పాడే బృందంలో, నేనూ పాడేవాణ్ణి. ఈ సంగతి ఇన్నేళ్లలో నన్నెవరూ అడగలేదు. బడివాళ్లు పాత విద్యార్థుల పుస్తకం వేసినప్పుడు క్వయర్ గురించి నాలుగు పేజీలు రాశారు. అందులో నా పేరు లేదు. ఫొటోలో ఉన్నాను గానీ, పక్కవాడి భుజం నా ముఖానికి అడ్డం వచ్చింది. సరిదిద్దమని రెండు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ జవాబు రాలేదు. కనక నా సంగతి నేనే రాస్తున్నాను.

మాది పూడిమడక. సముద్రంలో మునిగి ఊపిరి బిగపట్టే పందెంలో నన్ను గెలిచినవాడు మా వీధిలో లేడు. హైస్కూలు చదువుకు అనకాపల్లిలో మా పెద్దమ్మ ఇంట్లో ఉండేవాణ్ణి. తొమ్మిదో తరగతిలో మా పాటల మాస్టారు నన్ను క్వయర్‌లోకి తీసుకున్నారు. అప్పటికే గొంతు మారి బరువెక్కింది కాబట్టి, కింది స్వరం పాడే నలుగురు కుర్రాళ్లలో నన్నొకణ్ణి చేశారు.

ఆ ఏడు విశాఖలో జరిగే కచేరీకి కొన్ని బడులనే ఎంపిక చేస్తారని, ఆ ఎంపిక చేసేవాళ్లు మా బడికే వచ్చి వింటారని తెలిసింది. విశాఖ వెళ్తున్నానని నేను అప్పటికే ఊరంతా చెప్పేసుకున్నాను. మా పాట చివర ఒకే స్వరాన్ని పన్నెండు లెక్కలు తెగకుండా పట్టి ఉంచాలి. మాస్టారు చేత్తో వేసే ఆ లెక్కలు చాలా నిదానం. అందుకు మాస్టారు మా ఒక్కొక్కరి కాళ్ల ముందు చాక్‌పీసుతో ఒక అంకె వేశారు. ఆ లెక్క దగ్గర చప్పుడు లేకుండా ఊపిరి తీసుకుని మళ్లీ కలవాలి. నాకు ఏడు పడింది. నా పక్కనున్న ముగ్గురికీ మూడు, అయిదు, పది. ఎంతసేపైనా ఊపిరి పట్టగల నన్ను మధ్యలో ఆగమనడం తల కొట్టేసినట్టయింది. నాకు అంకె అక్కర్లేదని మాస్టారితో చెప్పేశాను.

ఆయన కోప్పడలేదు. నన్ను చివరి బెంచీ మీద కూర్చోబెట్టి, కళ్లు మూసుకుని వినమన్నారు. ఎవరైనా ఆగినట్టు అనిపిస్తే వేలెత్తాలి. వాళ్లు పాడారు. నా వేలు ఒక్కసారీ లేవలేదు. రెండోసారి దొంగచాటుగా ఒక కన్ను తెరిచాను. రేవులో పడవలు ఒకదాని తరవాత ఒకటి లేచి దిగినట్టు భుజాలు లేచి దిగుతున్నాయి. కంటికి కనబడేది చెవికి ఎందుకు అందడం లేదో నాకు అంతు చిక్కలేదు. మూడోసారి పాడించమని నేనే అడిగాను.

"ఎవలాగేరో తెలిసిందేట్రా?" అన్నారు మాస్టారు. లేదన్నాను.

"మరి నువ్వాగితే మాత్రం ఎవలికి తెలుత్తాది?"

అందరూ నవ్వారు. ఆయన మంచికే అన్నారు. నాకు మాత్రం నువ్వు ఉన్నా లేకున్నా ఒకటే అన్నట్టు వినిపించింది.

ఎంపిక రోజున పంతం పట్టాను. ఏడు దాటింది, ఊపిరి తీసుకోలేదు. ఎనిమిది, తొమ్మిది. నీళ్లలో మునిగినవాడు ఊపిరిని లోపల దాచుకుంటాడు, పాడేవాడు దాన్ని బయటికి వదులుతూనే ఉండాలి. ఈ తేడా పదో లెక్క దగ్గర తెలిసింది. నోరు తెరిచే ఉంది గానీ గొంతు పలకలేదు. నా పక్కవాడు ఊపిరి తీసుకోవలసిందీ సరిగ్గా అక్కడే. నలుగురిలో ఇద్దరం ఆగిపోతే కింది స్వరం కుంగిపోవాలి. కుంగుతుందని చూశాను. అది అంతకు ముందు ఎంత నిండుగా ఉందో అంతే నిండుగా పన్నెండు దాకా నిలిచింది. మాస్టారి చెయ్యి లెక్క తప్పలేదు. నా వైపు ఒకసారి చూశారు, అంతే.

మా బడి ఎంపికైంది. వరండాలోకి రాగానే పదో అంకెవాణ్ణి పట్టుకుని అడిగాను. అతనిది మాడుగుల.

"నాకేటి తెలుసు బావా, నా అంకెకి నేను ఊపిరి తీసేసుకున్నాను" అన్నాడు.

మిగిలిన ఇద్దరూ తమకీ తెలియదన్నారు. అందులో ఒకడు, నేనే పాడి మరిచిపోయుంటానని ఎగతాళి చేశాడు. మాస్టారిని అడిగితే, తనకీ తెలియలేదని, తెలిసేలా పాడి ఉంటే మనల్ని ఎంపిక చేసేవాళ్లే కాదని అన్నారు.

నన్ను చిన్నబుచ్చినవాళ్ల పేర్లు, వాళ్లన్న మాటలు నాకిప్పటికీ గుర్తే. ఆ రోజు నన్ను కాచినవాడి పేరు మాత్రం నా దగ్గర లేదు. ఇప్పటికీ భజనలో పక్కవాడి భుజం లేస్తే నేను ఊపిరి తీసుకోకుండా పాడుతూనే ఉంటాను. అతను గమనించడు, గమనించకూడదు కూడా. నా సంగతి వేరు, నన్ను కాచిందెవరో నాకు తెలియాలి.

ఆ ముగ్గురిలో ఒకడు పోయాడు. మిగిలిన ఇద్దరూ ఇది చదువుతారు. పదో లెక్క దగ్గర నా బదులు పాడింది మీలో ఎవరు? మీరిద్దరూ కాకపోతే ఆ మాటైనా చెప్పండి, పోయినవాడి ఇంటికి వెళ్లి వాళ్ల పిల్లలతో చెప్పవలసింది నాకుంది. నవ్వి దాటెయ్యకుండా ఈసారి జవాబు చెప్పండి.