సుగుణ వండింది మాంసం కాదు

నిన్న పొద్దున బియ్యం కడుగుతుంటే ఫోన్ మోగింది. కౌకూర్ నుంచి సుగుణ కూతురు.

"పెద్దమ్మా, అమ్మ ఇగ లేదు" అంది.

తర్వాత ఏం చెప్పిందో నాకు గుర్తులేదు. కడిగిన బియ్యాన్నే మళ్లీ మళ్లీ కడిగానట. మనవరాలు వచ్చి నల్లా కట్టేసింది.

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మనవరాలు కంప్యూటర్‌లో టైప్ చేస్తోంది. ఒక్క మాట మార్చినా ఊరుకోనని ముందే చెప్పాను. మచ్చ బొల్లారంలో మా గల్లీ పిల్లలంతా ఈ ఫోన్ గ్రూపులో ఉన్నారట.

పిల్లలూ, ఇది మీ అమ్మలకు చదివి వినిపించండి. గట్టిగా చదవండి.

నిన్న సాయంత్రం సుగుణను మట్టిలో పెడుతున్నప్పుడు నా వెనక ఒకామె మెల్లగా అంది. "మంచి మనిషే గని, ముసలామెకు మాంసం తినిపిచ్చింది గద."

ఆ మాట పుట్టి పన్నెండేళ్లు దాటింది. ఇంకా బతికే ఉంది.

నేను అక్కడే ఉన్నాను. నోరు తెరవలేదు. అందుకే ఈ పోస్ట్.

ఆ ముసలామె మా అత్త. శామీర్‌పేట దగ్గర ఒక గురువు ఉంటే ఆయన దగ్గర బోధ తీసుకుంది. ఆ రోజు నుంచి మాంసం, గుడ్డు బంద్. ఆమె గిన్నెలు వేరు, గరిటె వేరు. మా మాంసం గిన్నె తగిలితే ఆ పూట అన్నం కూడా ముట్టేది కాదు. నోటికి ఏదీ రుచించక మనిషి సగమైంది.

సుగుణ మా పక్కింటామె. చర్చికి పోయేవాళ్లు. ఈస్టర్‌కి ముందు నలభై రోజులు వాళ్లింట్లో మాంసం వండరు. ఆ నలభై రోజులూ సన్న మీల్ మేకర్, అచ్చం రవ్వలాగా ఉండేది. ఒకరోజు మెంతికూరలో, ఒకరోజు ఆలుగడ్డలో, పిల్లల టిఫిన్ బాక్సుల్లోకి బఠానీలతో. ఉప్పేసిన వేడినీళ్లలో నానబెట్టి, చల్లనీళ్లలో కడిగి, మూడుసార్లు పిండేది. రెండుసార్లు పిండితే పచ్చి వాసన పోదనేది.

ఒకరోజు వాళ్లింట్లో గ్యాస్ అయిపోయింది. నానబెట్టిన మీల్ మేకర్ పట్టుకుని మా ఇంటికొచ్చింది. "అత్తమ్మకు గూడ జేద్దాం అక్క, రొట్టెలకు మస్తుంటది" అంది.

ఇద్దరం కలిసి చేశాం. ఆమె పిండింది. నేను ఉల్లిగడ్డ, పుదీనా వేయించాను.

తొందరలో పొయ్యి మీద పెట్టింది మాంసం వండే గిన్నె.

సుగుణకు ఆ సంగతి తెలియదు. కూర సగం ఉడికాక నాకు గుర్తొచ్చింది. పారబోయడానికి చేతులు రాలేదు. అత్త గిన్నెలోకి మార్చి పెట్టేశాను.

అత్త రెండు జొన్న రొట్టెలు తిన్నది. ఎన్ని నెలలకో. ఇంకాస్త వెయ్యమని ప్లేట్ జరిపింది. సుగుణ అప్పటికే తన వంతు కూర తీసుకుని వెళ్లిపోయింది.

అప్పుడే మేడ్చల్ నుంచి మా ఆడబిడ్డ వచ్చింది. ప్లేట్ చూసింది.

"అమ్మా, ఏం తింటున్నవే? గిది కీమా."

అత్త చెయ్యి ఆగింది. నా వైపు చూసింది. "ఏందే ఇది?"

మీల్ మేకర్ అంటే, ఎవరు చేశారంటారు. నేనే అంటే, ఏ గిన్నెలో అంటారు. ఆ గిన్నె పొయ్యి పక్కనే ఉంది, ఇంకా తోమలేదు.

"నాకేం ఎర్క అత్తమ్మా. సుగుణ పంపింది" అన్నాను.

అత్త పెరట్లోకి పోయి గొంతులో వేళ్లు పెట్టుకుని కక్కింది. ఆ శబ్దం నా చెవుల్లోంచి ఇప్పటికీ పోలేదు. తర్వాత ఇంకో రెండేళ్లు బతికింది. వట్టి పప్పు పెట్టినా, "ఇందుల ఏం గలిపిన్రు?" అని అడిగేది. పోయే రోజు మంచినీళ్లు పోస్తే కూడా అదే అడిగింది.

రాత్రికే ఆ మాట గల్లీ అంతా పాకింది. మర్నాడు పొద్దున సుగుణ మా గేటు దగ్గరికొచ్చింది. చేతిలో మీల్ మేకర్ ప్యాకెట్.

"అక్కా, జర వేడినీళ్లియ్యి. అత్తమ్మ ముంగట్నే నానబోస్త. సూస్తే ఆమెకే ఎర్కయితది."

నేను గేటు తీయలేదు. "ఇప్పుడొద్దు, ఆమె పరేషాన్ల ఉంది" అన్నాను.

నా మొహంలోకి అట్లాగే చూసింది. అప్పుడే ఆమెకు అర్థమైంది. ఒట్టు, అప్పుడే. ప్యాకెట్ పట్టుకుని వెళ్లిపోయింది. మళ్లీ ఎప్పుడూ అడగలేదు. మేమిద్దరం కలిసి వండామని ఎవరికీ చెప్పలేదు. చెబితే నా సంసారం ఏమయ్యేదో ఆమెకు తెలుసు.

ఆ తర్వాత ఆమె ఇంటి గిన్నె మా గల్లీలో ఎవరూ అందుకోలేదు. ఆమె కూతురి పెళ్లికి ఆడవాళ్లందరం పోయాం. అక్షింతలు వేశాం. భోజనాలప్పుడు ఒక్కొక్కరం తప్పుకున్నాం. సుగుణ అన్నం గరిటె పట్టుకుని ఖాళీ బంతి ముందు నిలబడింది. నేను కూడా తినకుండానే వచ్చాను.

నేను కూడా.

మా ఇంట్లో మీల్ మేకర్ వండి ఎన్నేళ్లో అయింది. నిన్నటి నుంచి ఇల్లంతా అదే నానిన వాసన. మనవరాలికి రావడం లేదట. గేటు చప్పుడైతే లేచి పోతున్నాను. ఎవరూ ఉండరు.

ఇది పెడితే అందరూ నన్నే తిడతారని పిల్ల భయపడుతోంది. తిట్టనీ.

ఆదివారం కౌకూర్‌లో సుగుణ కూతురి ఇంట్లో ప్రార్థన, తర్వాత భోజనం. గల్లీ వాళ్లంతా రండి. మొదటి బంతిలో నేనుంటాను. నన్ను తిట్టేదుంటే అక్కడే తిట్టండి. కానీ ఆ ఇంటి అన్నం తిని పోండి.

సుగుణా, పాపం నా నోటిది. నీ చేతిది కాదు.

ఇగ నిమ్మలంగా పండుకో చెల్లె.