శుక్రవారం మూడు ఎపిసోడ్లు

మా ఆయనా నేనూ ఖతర్‌లో ఏడేళ్ళు కాపురం చేశాం, వారానికి ఒక్క పూట. ఆయన దోహాలో ఒక ఇంట్లో డ్రైవరు, నేను ఇంకో ఇంట్లో వంటమనిషిని. రెండిళ్ళకీ మధ్య నడిస్తే ఇరవై నిమిషాలు. ఆయన గదికి నేను వెళ్ళకూడదు, నా గదికి ఆయన రాకూడదు. అందుకని శుక్రవారం మధ్యాహ్నం ఏషియన్ టౌన్‌లో, క్రికెట్ గ్రౌండు పక్క మెట్ల మీద మా సంసారం. పులిహోర డబ్బా, ఫ్లాస్కులో టీ, ఒక ఫోను, చెరో చెవిలో ఇయర్‌ఫోను.

చూసేది చైనా సీరియల్, హిందీ డబ్బింగు. మూడు జంటల కథ. అందరికీ పెద్ద పెద్ద ఆఫీసుల్లో ఉద్యోగాలు. ఒకే ఇంట్లో ఉంటూ, ఒకే మంచం మీద పడుకుంటూ, మనకి కలిసుండే తీరికే లేదని ఏడుస్తుంటారు. "వీళ్ళకేం రోగమే?" అనేవాడు మా ఆయన. నాకు మాత్రం అందులో బిల్డింగులు గీసే ఆవిడంటే ఇష్టం. మీటింగులో మగాళ్ళు నవ్వినా గొంతు తగ్గించేది కాదు. నేనూ అంతే. నా వంటకి వంక పెట్టినవాణ్ణి ఇంతవరకూ చూడలేదు. గొప్పకి చెప్పటం లేదు, ఉన్నమాట.

మాకొక కట్టుబాటు ఉండేది. వారానికి మూడు ఎపిసోడ్లు, అవీ కలిసే చూడాలి. ఒకళ్ళు ముందు చూసెయ్యకూడదు. మిగతా ఆలుమగలు రోజూ కలిసి అన్నం తింటారు, మాకున్నది ఇదొక్కటే. అందుకే నాకది అంత పట్టింపు.

ప్రపంచ కప్పు దగ్గర పడుతోంది. నిన్నటి రోడ్డు ఇవాళ ఉండేది కాదు, మా ఆయన రోజుకో కొత్త దారి తిట్టుకుంటూ నేర్చుకునేవాడు. ఎక్కడ చూసినా పనివాళ్ళ క్యాంపులు, వాటికి మెస్సులు. ఒక శుక్రవారం మా పక్కన కూర్చున్న నిజామాబాద్ వైపు మనిషికి కాస్త పులిహోర పెట్టాను. దోహాకి బస్సులో గంట దూరం అల్ ఖోర్‌లో, రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంట్ల డ్యూటీలకి పోయేవాళ్ళ క్యాంపులో ఆయన మెస్ సూపర్‌వైజరట. డబ్బా ఖాళీ చేసి, చెయ్యి కడుక్కొచ్చి అడిగాడు.

"అక్కా, ఇంట్ల ఇంకెన్నేండ్లు వండుతవ్? మా మెస్సుకు రా. హెడ్ కుక్కుగ పెట్టుకుంట. వచ్చే శనివారం దాంక టైముంది, ఆలోచన జేసి సంతకం పెట్టు."

పాత ఇంటివాళ్ళు ఒప్పుకున్నట్టు కాగితం లేకుండానే ఉద్యోగం మారొచ్చని అప్పటికి రూల్ వచ్చేసింది. చిక్కల్లా ఒకటే. శుక్రవారం మెస్‌లో బిర్యానీ, ఆ రోజు హెడ్ కుక్కుకి సెలవుండదు. నా సెలవు మంగళవారం. మా ఆయనది శుక్రవారం. అంటే ఉన్న ఆ ఒక్క పూటా పోతుంది.

"నీ ఇష్టం," అన్నాడు మా ఆయన. మొగుడు అలా అన్నాడంటే తనకిష్టం లేదని ఏ ఆడదానికి తెలియదు!

తరవాతి శుక్రవారం, అంటే గడువుకి ముందురోజు, సీరియల్లో ఆ బిల్డింగులు గీసే ఆవిడకి కూడా వేరే ఊరి ఉద్యోగం కాగితం వచ్చింది. కవరు చేతిలోకి తీసుకుంది, ఇంకా విప్పలేదు. నా పక్కనుంచి "ప్చ్" అని వినిపించింది.

ఫోను ఆపాను. "ముందే చూసేశావు కదూ?"

"నేనా? నాకెక్కడ కుదురుద్దే! స్కూలు గేటు కాడ బండిలో కూర్చుంటే నిద్రే చాలట్లేదు," అన్నాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఎక్కడ చూశాడో కూడా ఆయనే చెప్పేశాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "సరే, చూశావుగా. వెళ్ళిందా, మానేసిందా?"

"మానేసింది," అన్నాడు గ్రౌండు వైపు చూస్తూ. "మొగుడి కోసం ఆ కాగితం చింపేసింది."

ఆవిడ చింపే మనిషి కాదు. తరవాతి ఎపిసోడ్ పెట్టబోయాను. ఆయన తెర మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"వెళ్ళింది," అన్నాడు మెల్లిగా. "ఆర్నెల్లకి ఆడు కూడా ఉద్యోగం మానేసి ఆవిడ దగ్గరికి పోయాడు. నేనట్టా రాలేనే. పదకొండేళ్ళ నుంచి ఒకే ఇంట్లో బండి తోలుతున్నాను, నాకింకేం వచ్చు? ఈ శుక్రవారం కూడా పోతే నాకేం మిగులుద్ది?"

నా కోపం పోయిందని చెప్పను. కోపం ఉంది, దానికి మించి ఆ మనిషి మీద ప్రేమ పొంగుకొచ్చింది.

"నిన్ను మానెయ్యమన్నదెవరు బావా? శుక్రవారం బదులు మంగళవారం సెలవిమ్మని మీ మేడమ్‌ని అడుగు."

"అడగాలా?" అన్నాడు, నేనేదో దొంగతనం చెయ్యమన్నట్టు. పదకొండేళ్ళలో ఆయన ఆ ఇంట్లో నోరు తెరిచి ఏదీ అడగలేదు. జ్వరంతో పడుకున్నా, యల్లా, పద అంటే తాళాలు తీసుకుని లేచాడు. గదిలో ఏసీ పాడైతే తడి తువ్వాలు కప్పుకుని వారం రోజులు పడుకున్నాడు. అడిగితే ఉన్నది కూడా పోతుందని ఆయన భయం.

"అడగందే అమ్మయినా పెట్టదు. నేను రేపు సంతకం పెడుతున్నాను. అడుగుతావో మానతావో, నీ ఇష్టం," అన్నాను.

పెట్టాను. నెల తిరిగేసరికి అల్ ఖోర్ మెస్‌లో నా ఎత్తు గరిటె పట్టుకుని నిలబడ్డాను. మొదటి వారంలోనే వంటవాళ్ళందరూ నా మాట విన్నారు. వినకపోతే నేనూరుకుంటానా! కానీ శుక్రవారం నాలుగు వందల మందికి బిర్యానీ పెట్టి గంజి వార్చిన గిన్నెల మధ్య కూర్చుంటే, ఆ మెట్ల మీద ఆయన ఒక్కడే ఉంటాడని గుర్తొచ్చి ముద్ద దిగలేదు. అడిగావా అని ఫోన్లో నేనడగలేదు, ఆయన చెప్పలేదు.

మంగళవారం మూడింటికి ఫోన్ మోగింది. "బస్సు దిగాను. మీ క్యాంపు ఎటే?"

చెప్పులు తారుమారుగా వేసుకుని బస్టాపుకి పరిగెత్తాను. ఇస్త్రీ చొక్కా, చంకలో ఫ్లాస్కు, ఎండకి ఎర్రబడ్డ మొహం.

"ఏమన్నారు మీ మేడమ్?"

"ఏమీ అనలేదే. ఏ రోజైతే నాకేంటి, ఇన్నేళ్ళూ నోరు తెరిచి ఏదీ అడగలేదేం అంది," అన్నాడు. అని, బస్టాపులో అందరూ చూస్తుండగా ఏడ్చేశాడు.