క మీద పొల్లు

నేను ఇన్నాళ్లూ రాయలేకపోవడానికి కారణం మిరపకాయలు. మా ఊళ్లో బడి ఉంది, పంతులుగారు రోజూ వచ్చేవారు కూడా. కానీ క్రిస్మస్ వెళ్లిన దగ్గర్నుంచి ఎండలు ముదిరే దాకా మాకు కోతలు. ఒకరోజు అమ్మతో వెళ్లి కాయ కోస్తే మర్నాడు బడికి వెళ్లేదాన్ని. పలక మీద ఉమ్మేసి వేళ్లతో తుడిచి, అదే చేత్తో కళ్లు నలుపుకునేదాన్ని. కళ్లు మండి నీళ్లు కారేవి. ఈ పిల్లకి అక్షరాలంటే భయమని పంతులుగారు నన్ను చివరి వరసలోకి జరిపారు. అక్కణ్నుంచి బోర్డు సరిగా కనిపించేది కాదు. కొన్నాళ్లకి అమ్మ పంపడం మానేసింది. నేనూ పెద్దగా బాధపడలేదు. పొలంలో పాటలుండేవి, బడిలో ఉండేవి కావు.

యాభై దాటాక మా కోడలు నేర్పింది. ఆమె ప్రైవేటు బడిలో చెబుతుంది. వాచకం తెస్తుందనుకుంటే చర్చి పాటల పుస్తకం తెచ్చి ముందు పెట్టింది. "మీకు ఇవన్నీ నోటికొచ్చు కదా అత్తమ్మా, నోట్లో ఉన్నదాన్ని కాగితం మీద వెతుక్కోండి" అంది. అలా వెతుక్కుంటూనే వచ్చేసింది చదువు. ఒక్క చెడ్డ అలవాటు మాత్రం దానితో పాటే వచ్చింది. మాటలో మొదటి రెండక్షరాలు కనిపిస్తే చాలు, మిగతాది కళ్లు చూడకముందే నోరు పూర్తి చేసేస్తుంది.

ఇప్పుడు క్యాసెట్టు సంగతి చెప్పాలి. మా ఆయన వయసులో ఉన్నప్పుడు పత్తి మిల్లులో పనిచేస్తూ గిటారు వాయించేవాడు. కరెంటు గిటారు. గుంటూరులో ఎవరో వాడి వదిలేసింది కొనుక్కొచ్చాడు. మిల్లులోనే పనిచేసే ఇద్దరు కుర్రాళ్లు తోడయ్యారు, ఒకడు డ్రమ్ములకి, ఒకడు పాడటానికి. గిటారుని ఊరికే మీటితే ఈగ రొదలా ఉంటుంది, దానికి శబ్దం పెంచే పెట్టె కావాలి. ఆ పెట్టె మైకు సెట్టు సాయిబుగారు ఇచ్చేవారు. పెళ్లిళ్లకీ పీర్ల పండక్కీ తిప్పే పెట్టె, ఒక పెళ్లిలో వానకి తడిసి గొంతు బొంగురుపోయింది. అందులోంచి గిటారు మోగితే తగరపు రేకు చించినట్టుండేది. ఒక మధ్యాహ్నం చర్చిలో ఎవరూ లేనప్పుడు సాయిబుగారే టేపురికార్డరు పెట్టి వీళ్లు కట్టిన దేవుడి పాటలు క్యాసెట్టులోకి ఎక్కించారు. తాళానికి గలగలలాడేది ఏదైనా కావాలన్నారు. బయట కళ్లంలో మా కాయ ఆరుతోంది. బాగా ఎండిన కాయలు పాలపొడి డబ్బాలో పోసి నేనే ఆడించాను. పాట మధ్యలో మూత ఊడింది. డ్రమ్ములబ్బాయి దగ్గడం మొదలుపెట్టాడు గానీ వాయించడం ఆపలేదు.

ఆ పాటలే సువార్త సభల్లో వాయించారు. రెండో పాటలో ఉండగా సంఘపెద్ద వేదిక మీదికొచ్చి మైకు తీయించాడు. "ఇది దేవుడి సన్నిధి, రికార్డింగ్ డాన్సు కాదు. ఆపండి ఈ గోల" అన్నాడు. జనం నవ్వారు. మా ఆయన ఎవరితోనూ పోట్లాడలేదు. గిటారుని గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టాడు. ఆ తర్వాత మిల్లు మూతపడింది, కుర్రాళ్లు తలో ఊరూ పోయారు. మా ఆయన కౌలుకి పొలం చేసుకుంటున్నాడు. ఆదివారం చర్చికి వస్తాడు, వెనక బెంచీలో కూర్చుంటాడు, పాడడు.

క్యాసెట్టు నా బట్టల పెట్టెలో ఉండిపోయింది. పోయిన ఏడాది తీసి చూస్తే లోపలి రీలు మీద బూజు కనిపించింది. ఇంకా ఆలస్యం చేస్తే అది మోగదనిపించి ప్రత్తిపాడు సెంటర్లో సాయిబుగారి కొట్టుకి వెళ్లాను. ఆయన ఇప్పుడు సెల్‌ఫోన్లు బాగుచేస్తారు, పాత టేపురికార్డరు మాత్రం అమ్మలేదు. మొదటి వైపు మోగింది. పక్కనే ఫోను పెట్టి దాంట్లోకి ఎక్కించాం. రెండో వైపు తిప్పగానే రీలు చుట్టుకుపోయి తెగింది. ఆయన దాన్ని చూసి, "ఉన్నదాన్నన్నా నలుగురూ వినాలమ్మా. ఎవరూ పట్టించుకోని పాత పాటలు పంచుకునే గ్రూపొకటుంది, నేనూ ఉన్నా. మిమ్మల్ని కలుపుతా" అన్నారు.

ఇంటికొచ్చి గ్రూపు పేరు నేనే చదువుకున్నాను. 'ఎవరూ వినని రాకడ.' మంచి పేరనిపించింది. ప్రభువు రాకడ గురించి ఎంత చెప్పినా ఎవరూ వినడం లేదని మా పాస్టరుగారు ప్రతి ఆదివారం అనే మాటే.

ఆ గ్రూపులో అందరూ పద్ధతిగా ఉండేవారు. వంతు వచ్చినవాళ్లు తమకి నచ్చిన కచేరీ ఒకటి పెట్టి, అది ఎందుకు నచ్చిందో చెప్పాలి. ఒంగోలు నుంచి ఒక లెక్చరరుగారు పెట్టింది నాకు బాగా గుర్తు. ఎక్కడో చలిదేశంలో ఆరుబయట వేదిక, వాన మొదలైంది, గిటారు తీగ తెగింది, ఆ మనిషి మిగిలిన తీగల మీదే పాట ముగించాడు. దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే ఒకాయన, ఒక్క ప్రతీ అమ్ముడుపోని ఒక బృందం పాటల్ని ఏరి పెట్టేవాడు. పాటలు తెలుగులో ఉండేవి కావు. పాడేవాళ్లు గొంతు చించుకుని అరిచేవాళ్లు. రాకడ రోజున జనం అలాగే అరుస్తారు కాబోలు అనుకుని వినేదాన్ని. కొన్ని నిజంగా బాగుండేవి. ప్రతి పాట కిందా నాకు తప్పుల్లేకుండా వచ్చిన మాట ఒకటి రాసేదాన్ని: ఆమెన్.

వాళ్లకి అది తెగ నచ్చింది. పాట బాగుంటే మిగతావాళ్లు కూడా ఆమెన్ అని రాయడం మొదలుపెట్టారు. 'ఈ పాటకి ఆమెన్ అమ్మగారు ఏమంటారో చూడాలి' అని ఒకాయన రాశాడు. నన్ను భక్తురాలిగా గుర్తించారనుకుని సంతోషించాను.

నా వంతు వచ్చినప్పుడు మా ఆయన పాట పెట్టాను. ఆయన్ని అడగలేదు. అడిగితే వద్దంటాడు.

ఆ సాయంత్రం వంటింట్లో ఫోను మోగిస్తూ బియ్యం ఏరుతుంటే కోడలు బడి నుంచి వచ్చింది.

"ఏంటత్తమ్మా ఈ కేకలు?"

"రాకడ పాటలు."

ఫోను చేతిలోకి తీసుకుని చూసింది. గోడకి ఆనుకుని నవ్వింది, నవ్వి నవ్వి కింద కూర్చుంది.

"రాకడ ఎక్కడుంది ఇందులో? రాక్. క మీద పొల్లు చూడండి."

చూశాను. ఉంది, చిన్న కొక్కెంలాగా.

"రాక్ అంటే?"

"ఇంగ్లీషోళ్ల పాటలు. గిటార్లు, డ్రమ్ములు, అరుపులు. కుర్రాళ్లు జుట్లు విరబోసుకుని ఊగుతారే, అవి. మీరు ఇన్నాళ్లూ వాటికి ఆమెన్ కొడుతున్నారా?"

మామూలుగా అయితే నేనూ నవ్వేదాన్నే. కానీ పొద్దున నేను పెట్టిన పాట గుర్తొచ్చింది. చర్చివాళ్లు ఇది దేవుడి పాటలా లేదని దింపేశారు. ఇక్కడ ఇది దేవుడి పాట, మాకెందుకని దింపేస్తారు. రెండు చోట్లా పనికిరానివాడయ్యాడని మా ఆయన అనుకుంటే, రెండోసారి ఆ అవమానం చేయించింది నేనవుతాను. కోడలితో చెప్పాను.

"తీసేద్దామా?" అంది.

"తీసేయ్."

ఎలా తీయాలో ఆమె చూస్తుండగానే మా ఆయన పొలం నుంచి వచ్చాడు. వాకిట్లో పురుగుమందు పంపు దించుతున్నాడు. ఆ సమయానికే ఫోనులో వరసగా మెసేజీలు రావడం మొదలైంది. కోడలి వేలు ఎక్కడ తగిలిందో, లెక్చరరుగారి గొంతు గట్టిగా బయటికొచ్చింది.

"ఆమెన్ అమ్మగారూ, ఈ గిటారు ఎవరిదండీ? ఆ చిరుగుడు శబ్దం కోసం మావాళ్లు ప్రత్యేకంగా పెట్టెలు కొనుక్కుంటారు. ఈయన ఏ పెట్టె వాడారు?"

మా ఆయన పంపు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. "ఏంటే అది?" అన్నాడు.

నేను జరిగింది చెప్పాను. పొల్లు సంగతి కూడా చెప్పాను. ఆయన నవ్వలేదు.

"ఇంకా ఏమంటున్నారు?" అని కోడల్ని అడిగాడు.

ఆమె చదివింది. "ఒకాయన, మధ్యలో గలగల ఏంటి, ఆ దగ్గు కావాలనే కలిపారా అంటున్నాడు. ఇంకొకాయన..." అని ఆగింది.

"చదువమ్మా."

"ఇది భక్తి పాట కదా, ఈ గ్రూపులో ఎందుకు అంటున్నాడు మామయ్యా."

ఆయన తల మీద తువ్వాలు తీసి దులిపి, నూతి వైపు నడిచాడు. తీసేయమని కోడలికి సైగ చేశాను. ఆమె తీయకుండా తల అడ్డంగా ఊపి, గొంతు పెంచి నూతి దాకా వినపడేలా చదివింది. "లెక్చరరుగారు జవాబిచ్చారు మామయ్యా. పాట ఎవరి గురించైతే మనకేంటి, రెండో చరణం తర్వాత ఆ చేయి ఏం చేసిందో విని మాట్లాడు అంటున్నారు. కింద వరసగా ఆమెన్లు పెడుతున్నారు అందరూ."

చేద దింపిన చప్పుడు ఆగింది.

"రెండో చరణం తర్వాత తీగ శ్రుతి తప్పింది. అది కూడా చెప్పు వాళ్లకి" అన్నాడు.

భక్తి పాట ఎందుకన్న ఆయన మళ్లీ ఏమీ రాయలేదు. ఒప్పుకున్నాడో ఊరుకున్నాడో తెలియదు. దాచేపల్లి ఆయన మాత్రం, బ్యాండు పేరు చెప్పండి, పేరు రాసి దాచుకోవాలి అన్నాడు. రెండో వైపు కూడా పెట్టమన్నాడు.

అన్నాలు తింటుంటే అడిగాను. "పేరేం చెప్పమంటావయ్యా?"

"పేరెక్కడుంది మాకు?"

"అడుగుతున్నారుగా."

పప్పు కలుపుకున్నాడు. "గోల అని రాయి."

"అదేం పేరు?"

"నేను పెట్టలేదుగా. వేదిక మీద పెద్దమనిషి పెట్టాడు." అప్పుడు నవ్వాడు, కొంచెం. "రెండో వైపు పెట్టలేదేం?"

"రీలు తెగింది."

"మంచి పాట అటువైపే ఉంది."

"నీకు గుర్తుందా?"

చేయి కడుక్కుని వచ్చి, "అటక మీద ఎలుకలు తిరుగుతున్నాయా?" అని అడిగాడు.

"నీ గిటారు తినాల్సిన ఖర్మ వాటికేం పట్టింది" అన్నాను.

మర్నాడు పొద్దున్నే లేచి, కోడలు నిద్ర లేవకముందే గ్రూపులో బ్యాండు పేరు నేనే రాశాను. గ, దానికి ఓత్వం, ల. నోటిని నమ్మకుండా రెండుసార్లు చూసి పంపాను. పొల్లు ఎక్కడా అవసరం రాలేదు. తర్వాత పెరట్లో ఆరబోసిన కాయల్లోంచి తాలు తీసేసి, గింజ మోగేవి ఏరి పాలపొడి డబ్బాలో పోశాను. ఈసారి మూత మీద గుడ్డ కప్పి, పురికొసతో బిగించి కట్టాను.